నత్తలకు ఇంటర్వ్యూ

మా బావ ఇంటర్వ్యూ చెయ్యందే నత్తను కూడా లోపలికి రానివ్వడు. మాటవరసకు అంటున్నానని మీరు అనుకుంటారేమో, కాదు. అరచేతిలో నత్తను పెట్టుకుని, "మీ గురించి రెండు ముక్కలు చెప్పండి," అని మర్యాదగా అడగడం నేను ఈ చెవులతో విన్నాను. నత్త ఏమీ చెప్పలేదు. బావ కాసేపు ఓపిగ్గా ఎదురుచూసి, "మితభాషి, మంచిదే," అని తల ఊపాడు.

బావ అంటే మా అక్క భర్త. అక్క పళ్ళ డాక్టరు. అదే క్లినిక్ వెనక గదిలో కూర్చుని నేను కట్టుడు పళ్ళు తయారుచేస్తుంటాను. బావ ఒక ఫ్యాన్ల కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే మేనేజరుగా చాలాకాలం చేశాడు. కంపెనీ మూతపడింది కానీ అలవాటు మూతపడలేదు. ముందు గదిలో కూర్చుని పేషెంట్లని ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పంపించమని అక్క ఆయనకో బల్ల, కుర్చీ ఇచ్చింది. మర్నాటికల్లా ఆ బల్ల ఇంటర్వ్యూ బోర్డయి కూర్చుంది.

"రండి, కూర్చోండి. మీ గురించి చెప్పండి."

"పన్ను నొప్పండీ."

"అది సరే. ఇంకో అయిదేళ్ళకి ఆ పన్నుని ఎక్కడ చూడాలనుకుంటున్నారు?"

దవడ పట్టుకున్న ఆ పెద్దాయన బిక్కమొహం వేసి, "నోట్లోనేనండీ," అన్నాడు.

"మంచి లక్ష్యం. లోపలికి వెళ్ళండి."

ఇంట్లోనూ ఇదే వరస. కొత్త గొడుగు కొంటే దాన్ని నాలుగుసార్లు తెరిచి మూసి, "ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు?" అని అడుగుతాడు. కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన మనిషిని, "మీ బలహీనతలేమిటి?" అని అడిగితే, అతను కాసేపు ఆలోచించి కంటనీరు పెట్టుకున్నాడు. ఇక ఏ సంభాషణ అయినా చివరికి ఒకే మాటతో ముగుస్తుంది: "మంచిది, మీకు కబురు చేస్తాం." అక్క కాఫీ కావాలా అని అడిగినా నోటికి అదే వస్తుంది. అక్క కాఫీ తనే తాగేస్తుంది.

ఆ మాట ఆయనకి అక్క దగ్గరే అంటుకుందని నా అనుమానం. అక్క కొత్తగా డాక్టరైన రోజుల్లో బావ జ్ఞానదంతం నొప్పితో వచ్చాడట. సూది కంటపడగానే కుర్చీలోంచి జారి, కాళ్ళూ చేతులూ పైకెత్తి, నేలమీద వెల్లకిలా పడ్డాడట. అక్క ఆయన్ని పక్కకి తిప్పి, లేపి కూర్చోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టింది. కళ్ళు తెరిచీ తెరవగానే ఈయన, "మీకు పెళ్ళయిందాండీ?" అన్నాడట. అక్క ఏమాత్రం తొణక్కుండా, "ముందు పన్ను సంగతి చూద్దాం. ఆ సంగతి తర్వాత కబురు చేస్తాను," అందట. పన్ను పోయింది, మనిషి మిగిలాడు.

ఇక తొట్టి సంగతి. బావ కూర్చునే ముందు గదికీ, అక్క పళ్ళు చూసే గదికీ మధ్య గోడలో ఒక పెద్ద కిటికీ ఉండేది. బావ దాని తలుపులు పీకించి, ఆ చోట ఉప్పునీటి తొట్టి అమర్చాడు. అందులో సముద్రపు రాళ్ళు, వాటిమీద వేళ్ళూపుతున్నట్టు కదిలే పగడాలు, నాలుగు చేపలు, పైన నీలం దీపం. అటు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటుకీ కనపడుతుంది, ఇటు బల్ల దగ్గర కూర్చున్న బావకీ కనపడుతుంది.

ఆ గదిలో మధ్యాహ్నాలు ఎలా ఉండేవో చెబితే నమ్మరు. తెరలు దించి ఉంటాయి. నీళ్ళలోంచి వచ్చే వెలుతురు కప్పుమీద అలలలాగా కదులుతూ ఉంటుంది. పంపు సన్నగా జోకొడుతున్నట్టు మోగుతుంది. వాచిన బుగ్గలమీద చెయ్యి వేసుకుని వచ్చినవాళ్ళు మొదట మూలుగుతారు, తర్వాత మూలగడం మరిచిపోతారు, తర్వాత నిద్రపోతారు. పేరు పిలిస్తే ఎక్కడో లోతులోంచి పైకి తేలి వచ్చినట్టు లేస్తారు. నేనూ పళ్ళ సెట్టు చేతిలో పట్టుకుని ఏదో పనున్నట్టు అటు వచ్చి, గోడకి ఆనుకుని నిలబడిపోయేదాన్ని. బావ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ నీళ్ళలోకి చూస్తూ ఉండేవాడు. అలాంటప్పుడు మాత్రం ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. ఆయన చేపల్ని చూస్తున్నాడని మేమందరం అనుకునేవాళ్ళం.

పేషెంట్లలో సగంమంది బావ కంపెనీ పాతకాపులే. పళ్ళు రాయిలా ఉన్నా, "ఓసారి చూడండి డాక్టరుగారూ," అంటూ వచ్చి, సారు పక్కన కాసేపు కూర్చుని వెళ్తారు. ఇంత మంచి పళ్ళు పెట్టుకుని ఇంత తరచుగా ఎందుకొస్తారో అక్కకి అర్థమయ్యేది కాదు.

సుఖంగా ఉన్న ఆ తొట్టికి పాచి పట్టుకుంది. మొదట అద్దం మీద లేత ఆకుపచ్చ మసక. మర్నాడు చూస్తే రాళ్ళకి గడ్డం మొలిచింది. ఆ తర్వాత అద్దమంతా పచ్చటి కంబళి కప్పుకుంది. చేపలు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. కుర్చీలో పడుకున్న ఒకావిడ ఆ పచ్చదనంకేసి భయంభయంగా చూసి, "నా పళ్ళు కూడా ఇలాగే ఉన్నాయా డాక్టరుగారూ?" అని అడిగింది. అక్కకి తల కొట్టేసినట్టయింది.

"ఏమండీ, ఊళ్ళోవాళ్ళ పళ్ళమీద పాచి గీకేదాన్ని నేను. నా గోడలోనే పాచి పెంచుతున్నారా మీరు?"

"శుభ్రం చేయిద్దాం డాక్టరుగారూ." బావ అక్కని అలాగే పిలుస్తాడు.

"ఎప్పుడు? కొత్త ఎక్స్‌రే మిషనుకి చెప్పాను. అది వచ్చే రోజుకి ఆ అద్దంలోంచి అవతలి మనిషి మొహం కనపడాలి. కనపడలేదా, తొట్టి తీసేయించి, గోడ కట్టించి, మిషను అక్కడే పెట్టిస్తాను. చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాను."

అక్క బెదిరింపులు మామూలుగా బావ దులిపేసుకుంటే పోయేవే. ఈసారి ఆయన మొహం పాలిపోయింది. గోడ అన్న మాట దగ్గర ఉలిక్కిపడ్డాడు. ఎందుకంతగా కంగారుపడ్డాడో నాకు అప్పుడు తెలియలేదు.

"పనివాళ్ళని పెడతాను," అన్నాడు.

"ఎవరిని?"

"నత్తల్ని. పీతల్ని."

ఉప్పునీటి తొట్టి ఉన్నవాళ్ళు చేసే పనే ఇది. నత్తలు అద్దమ్మీదా రాళ్ళమీదా పాకుతూ పాచి గీకి తింటాయి. గవ్వల్లో కాపురముండే చిన్న పీతలు మిగిలిన చెత్త ఏరుకుంటాయి. మిగతావాళ్ళు చేపలమ్మే షాపుకి వెళ్ళి ఓ గుప్పెడు తెచ్చుకుంటారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయల్దేరాడు. బకెట్టు మొయ్యడానికి నన్ను వెంటపెట్టుకున్నాడు.

ఆ షాపు లోపలంతా వరసగా అద్దాల తొట్లు. పగలే అయినా లోపల సాయంత్రంలాగా ఉంది. ఎక్కడో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఉప్పువాసన. నడుస్తుంటే మన నీడ ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి ఈదుకుంటూ పోతుంది. తడిచేతులు తుడుచుకుంటూ షాపావిడ ఎదురొచ్చింది.

"ఏం కావాలి సార్?"

"పనివాళ్ళు కావాలి. పాచి పనికి."

ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "ఒక్కొక్కర్నీ చూస్తారు కదా?" అంది.

"చూడాలి మరి. మరదలా, నువ్వు బయట కూర్చో. ఇంటర్వ్యూ జరిగేచోట అభ్యర్థుల బంధువులు ఉండకూడదు."

"నేను నత్తకి బంధువునా బావా?"

"నువ్వు పళ్ళ సెట్టు చేసే వేగం చూస్తే అనుమానంగానే ఉంది."

అలా నన్ను బయటి స్టూలుమీద కూలేశాడు. గాజు తలుపులోంచి సగం సగం కనపడింది. ఇసక పరిచిన పళ్ళెంలో నత్తని వెల్లకిలా పెట్టి, రెండు చేతులూ కట్టుకుని, కలగంటున్నవాడిలా ఎదురుచూసేవాడు. నత్త మెల్లిగా మెడ చాచి, ఒక పక్కకి ఒరిగి, తిరగబడి లేచేది. "మంచిది, మీకు కబురు చేస్తాం," అన్న మాట వినపడేది. తర్వాత ఆయన వీపు అడ్డం వచ్చేది. మళ్ళీ ఇంకో నత్త. పీతల వంతు వచ్చినప్పుడు, "పాత ఇల్లు ఎందుకు వదిలేశారు?" అని అడగడం మటుకు స్పష్టంగా విన్నాను. చుక్కచుక్కగా పడే నీళ్ళ చప్పుడు వింటూ నేను గోడకి తలానించి నిద్రపోయాను. లేచేసరికి ఆయన ఇంకా ఏదో నత్తతో మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. "వెల్లకిలా వేసి పరీక్ష పెడుతున్నారక్కా. గట్టివాటినే ఏరి తెస్తున్నారు."

"పోన్లే, పనిచేసేవి వస్తే అంతే చాలు," అంది అక్క.

నత్తల ఎంపిక నత్తనడకనే సాగింది. వెళ్ళిన ప్రతిసారీ రెండో మూడో తెచ్చేవాడు. తెచ్చినవాటిని వెంటనే నీళ్ళలో దించేవాడా అంటే, అదీ లేదు. కొత్తచోటు అలవాటు పడాలని, వాటి గిన్నెలోకి తొట్టి నీళ్ళు సన్నటి గొట్టంలోంచి చుక్కలుచుక్కలుగా వదిలేవాడు. ఆ గొట్టం అక్క పేషెంట్ల నోట్లో లాలాజలం పీల్చడానికి పెట్టేది.

ఉద్యోగుల్లో రకరకాలవాళ్ళుండేవారు. ఒక లావుపాటి నత్త దారికి అడ్డమొచ్చిన పగడాలన్నీ తోసుకుంటూ పోయేది. ఇంకో రకం రోజంతా ఇసకలో దూరి పడుకుని, తిండి వాసన తగలగానే ముక్కు మాత్రం బయటపెట్టేది.

"మీ కంపెనీలో ఇలాంటివాళ్ళు ఉండేవాళ్ళా బావా?"

"మూడో అంతస్తంతా వీళ్ళే."

ఇక సన్యాసి పీతలు. వాటికి ఆ పేరు పెట్టినవాడెవడో గాని, ఇంటికోసం ఇంతలా కొట్టుకునే సన్యాసుల్ని నేనెక్కడా చూడలేదు. వాటికి సొంత గవ్వ ఉండదు. ఖాళీ గవ్వ దొరికితే దూరతాయి, దొరక్కపోతే నత్తని చంపి దాని ఇల్లు ఆక్రమిస్తాయి. బావ తెచ్చినవాటిలో ఒకదాని గవ్వ సగం విరిగిపోయి ఉంది. వెనకభాగం బయటికి కనపడుతూ, సిగ్గుపడుతున్నట్టు రాళ్ళ చాటున తిరిగేది. బావ నా గదిలోకి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

"మరదలా, ఓ ఇల్లు కట్టిపెట్టాలి."

"నేను పళ్ళు కడతాను బావా. ఇళ్ళు కాదు."

"పళ్ళ సెట్టుకి చిగుళ్ళు చేస్తావుగా. అదే సామానుతో గుండ్రంగా, కాస్త మెలితిప్పి, లోపల ఖాళీగా ఉండేలా చెయ్యి. గాలీ వెలుతురూ బాగుండాలి."

"మీ సన్యాసిగారికి ఏ రంగు కావాలట?"

"నీ దగ్గర ఏముంది?"

"చిగుళ్ళ రంగు ఒక్కటే ఉంది."

"అదే ఇష్టమంటుందిలే."

నవ్వుకుంటూనే చేశాను. ఖాళీ గవ్వకి అచ్చు తీసి, మైనం పోసి, ఉడకబెట్టి, అరగదీసి, పెద్దమనుషుల నోట్లో పెట్టే సెట్టుకి పెట్టినంత మెరుగూ పెట్టాను. నిజం చెప్పొద్దూ, నా చేతిలో అంత అందమైన వస్తువు అంతకుముందు తయారుకాలేదు. అద్దమ్మీద బావ వేలితో రుద్ది తుడిచిన కాస్త జాగాలోంచి ముందు గదిలో ఉన్నవాళ్ళందరం చూస్తుండగా దాన్ని నీళ్ళలో వదిలాం. పీత వచ్చింది. చుట్టూ తిరిగింది. లోపల చెయ్యిపెట్టి చూసింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు మనకి ఇంటర్వ్యూ," అని బావ గుసగుసలాడాడు.

నోట్లో దూది కరుచుకున్న ఒకాయన ఊపిరి బిగబట్టాడు. రెప్పపాటులో పీత పాత గవ్వలోంచి జారి కొత్తదాంట్లో దూరిపోయింది. గదంతా చప్పట్లు కొట్టింది. ఏం జరిగిందోనని అక్క చేతి తొడుగులతో బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ రోజునుంచీ దాని పేరు చిగుళ్ళస్వామి.

ఇంత జరిగినా పాచి తగ్గలేదు; బావ తుడిచిన జాగా కూడా మర్నాటికే మూసుకుపోయింది. బావ రోజూ క్లినిక్ తెరవకముందే వెళ్ళి, చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, తొట్టిలో చెయ్యి పెట్టి ఏదో చేస్తుండేవాడు. ఏమిటని అడిగితే, "హాజరు తీసుకుంటున్నా," అనేవాడు. ఆయన జేబులో చిన్న డబ్బా ఒకటి గలగలమంటూ ఉండేది. అరుగుదలకి మాత్రలేమో అనుకున్నాం. అదే సమయంలో అక్క పేషెంట్ల పళ్ళ వెనక చూసే పొడుగు కాడ అద్దం రోజూ కనపడకుండా పోయేది.

"నా అద్దం ఏదీ?" అని అక్క అరవడం, కాసేపటికి అది తడితడిగా బల్లమీద ప్రత్యక్షమవడం మాకు మామూలైపోయింది.

అద్దమ్మీది పచ్చకంబళి మాత్రం అలాగే ఉంది. ఒకరోజు మిషనువాళ్ళు వచ్చి ఆ గోడ కొలుచుకుని వెళ్ళారు. వాళ్ళు టేపు సాగదీస్తుంటే బావ తన బల్ల దగ్గర నిలబడిపోయాడు. వాళ్ళని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అప్పుడు నాకు నిజంగా బాధేసింది.

"ఇవి పనికిరావండీ. తీసేసి వేరేవి తెచ్చుకోండి," అంది అక్క, కాస్త మెత్తగానే.

"నేను ఇంతవరకూ ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు డాక్టరుగారూ," అన్నాడు బావ. ఆ మాట చెప్పి మళ్ళీ ఆ పచ్చదనంలోకే చూస్తూ కూర్చున్నాడు.

అసలు గుట్టు బయటపడింది ఒక పంటి నొప్పివల్ల. షాపావిడ దవడ వాచి మా క్లినిక్‌కి వచ్చింది. ఆవేళ బావ బజారుకి వెళ్ళాడు. అక్క సూది తీసింది. అది చూడగానే షాపావిడ మాటల్లో పడింది. మాట్లాడుతున్నంతసేపూ సూది పొడవలేరని ఆవిడ లెక్క.

"మీవారు చాలా మంచివారమ్మా."

"తెలుసు. నోరు తెరవండి."

"మా షాపులో గట్టి నత్తలు ఇన్ని ఉంటాయా, ఒక్కటీ తీసుకోరు."

అక్క చెయ్యి ఆగింది. "ఏంటీ?"

"వెల్లకిలా పెడతారు కదమ్మా, తిరగబడి లేచినవాటికి 'మీరు ఎక్కడున్నా బతుకుతారు, మీకు కబురు చేస్తాం' అని వెనక్కి ఇచ్చేస్తారు. ఎంతసేపటికీ లేవలేక మెడలు చాచి కొట్టుకుంటూ పడుంటాయే, వాటికి ఉద్యోగం ఇస్తారు. ఇసకలో పడితే సొంతంగా లేవలేని రకం ఒకటుందమ్మా. ఎవరూ గమనించకపోతే అలాగే పడి చచ్చిపోతాయి. నేను వద్దని ఎన్నిసార్లు చెప్పినా అవే కావాలంటారు. గవ్వ విరిగిన పీతనీ అలాగే పట్టుకెళ్ళారు."

వెనక గదిలోంచి చెవులు రిక్కించి వింటున్న నేను చేతిలో పళ్ళ సెట్టు జారవిడిచాను. అక్క సూదితోనే షాపావిడ మీదికి వంగింది.

"అంటే ఈయన ఏరి ఏరి పనికిరానివాటిని తెచ్చారా?"

"ఆయన మొదట్నుంచీ అంతే కదమ్మా," అంది షాపావిడ. "ఫ్యాన్ల కంపెనీలో నన్నూ అలాగే తీసుకున్నారు. ఇంటర్వ్యూలో నా పేరు అడగ్గానే భయమేసి ఏడ్చేశాను. మంచినీళ్ళిచ్చి, 'రేపట్నుంచి రండి' అన్నారు. చకచకా జవాబులు చెప్పినవాళ్ళకేమో కబురు చేస్తామన్నారు. మాలో చాలామంది అలా వచ్చినవాళ్ళమే. ఇంకెక్కడా మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు."

అక్క సూది పక్కన పెట్టింది. తర్వాత, "ఆ కంపెనీ ఎందుకు మూతపడిందో ఇవాళ అర్థమైంది," అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత షాపావిడని అస్సలు నొప్పి తెలియకుండా, పువ్వుని ముట్టుకున్నట్టు ముట్టుకుని పంపించింది.

మర్నాడు పొద్దున్నే అక్కా నేనూ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాం. ముందు గదంతా నీలంగా ఉంది. బావ తొట్టిలో భుజందాకా చెయ్యి పెట్టి, అక్క అద్దం కాడతో, ఇసకలో వెల్లకిలా పడ్డ నత్తల్ని ఒక్కొక్కటే తిప్పుతున్నాడు.

"లే నాయనా. సిగ్గెందుకు? అందరం పడతాం. ఆ, అంతే. మీరూ పడ్డారా? నిన్ననే కదండీ లేపాను! పర్లేదు, పర్లేదు."

అందర్నీ లేపాక జేబులోంచి డబ్బా తీశాడు. మూత తెరిచి, ఏవో గింజలు పిడికిట్లో పోసుకుని ప్రతి నత్త ముందూ వేశాడు. చిగుళ్ళస్వామికి వాటా రెట్టింపు.

అక్క ఒక్క ఉదుటున లోపలికి వెళ్ళింది. "ఏంటండీ అది?"

బావ దొంగలా తిరిగాడు. "టిఫిను డాక్టరుగారూ. పనిలోకి దిగేవాళ్ళకి ముందు కడుపు నిండాలి కదా?"

"రోజూ పెడుతున్నారా?"

"మధ్యాహ్నం కూడా కొంచెం. అలిసిపోతారు."

అక్క నెత్తి కొట్టుకుంది. "రోజంతా చిరుతిళ్ళు తింటూ ఉంటే పాచి పట్టక ఏమవుతుందండీ? ఈ ముక్క రోజూ ఎంతమందికి చెబుతాను! మీరు బల్ల దగ్గర కూర్చుని వింటూనే ఉంటారు కదా! తినగా మిగిలింది కుళ్ళి, పాచికే ఎరువవుతోంది. కడుపు నిండినవాళ్ళు పాచి ఎందుకు గీకుతారు?"

"మరి ఆకలితో పనిచేయించమంటావా?" బావ గొంతులో నిజమైన బాధ.

"పాచే వాటి తిండి. పనే భోజనం. అర్థమైందా?"

బావ డబ్బాకి మూత పెట్టాడు. "పనే భోజనమా! అలాంటి ఉద్యోగం నేను ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వలేకపోయాను," అని డబ్బా అక్క చేతిలో పెట్టేశాడు.

ఆ రోజునుంచి టిఫిను బందయింది. కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. తర్వాత ఒక నత్త, లేవలేక రోజూ బావచేత లేపించుకునేదే, అద్దమెక్కి నోటితో ఒక సన్నటి గీత గీసింది. పక్కన ఇంకోటి ఇంకో గీత. చిన్నపిల్లలు పలకమీద పిచ్చిగీతలు గీసినట్టు వంకరటింకరగా, ఒక్కో గీతలోంచీ కాస్త కాస్త నీలం బయటికి వచ్చింది. పేషెంట్లు ఆ గీతలు చూస్తూ నిద్రపోవడం మళ్ళీ మొదలుపెట్టారు.

ఈలోగా అక్కకి ఏదో పట్టుకుంది. పంటిసందులో ఏదో ఇరుక్కున్నట్టు చిరాగ్గా తిరిగేది. బావకేసి అనుమానంగా చూసేది. ఏమిటక్కా అంటే, "ఏం లేదు," అనేది.

మిషను రానే వచ్చింది. బావ భోజనం చెయ్యడానికి ఇంటికి వెళ్ళినప్పుడు మిషనువాళ్ళు పెట్టె దింపి వరండాలో పెట్టారు. నేను బావ కుర్చీలో కూర్చుని తొట్టికేసి చూశాను. అద్దం ఇంకా మూడొంతులు పచ్చగానే ఉంది. నడిమధ్యన మాత్రం, నత్తలన్నీ మాట్లాడుకుని గీకినట్టు, ఒక మొహం పట్టేంత జాగా శుభ్రంగా ఉంది. అందులోంచి చూస్తే చేపలు కనపడలేదు. అటు గదిలో దీపం కింద వంగి పనిచేసుకుంటున్న అక్క మొహం కనపడింది, నీలంగా, కొంచెం ఊగుతూ, నీళ్ళ అడుగున ఉన్నట్టు.

ఇన్నేళ్ళూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బావ చూస్తున్నది దీన్నా! గోడ అనగానే ఎందుకు ఉలిక్కిపడ్డాడో అప్పుడు తెలిసింది. నేను గభాలున ఆ కుర్చీలోంచి లేచాను. వేరొకరి కలలోకి చెప్పకుండా వెళ్ళినట్టనిపించింది.

బావ వచ్చాడు. వరండాలో పెట్టెని చూశాడు. తన కుర్చీలో కూర్చున్నాడు. అక్క అటు గదిలోంచి తొట్టి దగ్గరకొచ్చి ఆ శుభ్రమైన జాగాలో మొహం పెట్టింది. ఇద్దరికీ మధ్యన నీళ్ళు. చిగుళ్ళస్వామి గులాబీరంగు ఇల్లు మోసుకుంటూ నింపాదిగా నడుస్తున్నాడు. పక్క తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలు మా అందరికీ వినపడ్డాయి.

"ఏమండీ, ఒకటడుగుతాను. నిజం చెప్పండి."

"అడుగు డాక్టరుగారూ."

"మీరు ఏరుకునేవన్నీ లేవలేనివే కదా. మరి నన్నెలా ఏరుకున్నారు? నాలో ఏం లోపం కనపడింది మీకు?"

అదన్నమాట ఇన్నాళ్ళూ ఇరుక్కున్నది! ముందు గదిలో దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళందరూ బావకేసి తిరిగారు.

బావ నెమ్మదిగా నవ్వాడు. "నిన్ను నేనెక్కడ ఏరుకున్నాను? వెల్లకిలా పడ్డది నేను. తిప్పి కూర్చోబెట్టింది నువ్వు. ఆ రోజు ఇంటర్వ్యూ నాది."

అక్క అద్దానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"పాసయ్యానని చెబుతావేమోనని చూస్తూనే ఉన్నాను," అన్నాడు బావ. "కబురు చేస్తానన్నావు. ఇంతవరకూ రాలేదు."

మిషనువాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకుని, "మేడం, తొట్టి తీసెయ్యమంటారా? గోడ పని మొదలుపెట్టాలి," అన్నాడు.

అక్క అద్దంలోంచి మొహం తియ్యలేదు. "గోడ వద్దు. మా చెల్లెలి గదిలో చోటుంది, మిషను అక్కడ పెట్టండి," అంది. తర్వాత బావకేసి చూసి, "ఇదిగోండి, కబురు," అంది.

అలా నా గదిలో సగం పోయింది. ఇప్పుడు పళ్ళ సెట్లు మోకాళ్ళమీద పెట్టుకుని అరగదీస్తున్నాను. పేచీ పెడదామని ఒకరోజు పొద్దున్నే వెళ్ళాను. బావ ఇంకా రాలేదు. తొట్టి దగ్గర అక్క, తెల్లకోటు చెయ్యి భుజందాకా మడిచి, ఇసకలో పడ్డ నత్తని అద్దం కాడతో తిప్పుతోంది. నన్ను చూసి గతుక్కుమంది.

"ఏం కావాలే?"

"నా గది కావాలక్కా."

"మంచిది," అంది అక్క, నత్త మీంచి చూపు తిప్పకుండా. "నీకు కబురు చేస్తాం."